నీళ్లు తాగే బండి, నింద మోసిన కోడలు

తీర్పుతో వచ్చే బండ్లు

కొత్తగా స్పానరు పట్టుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. షెడ్డులోకి బండి ఒంటరిగా రాదు. తీర్పును వెంటబెట్టుకుని వస్తుంది. యజమాని దిగీ దిగకముందే "పంపు పోయిందండి" అంటాడు. డ్రైవరు "కల్తీ డీజిలండి" అంటాడు. వెనకనుంచి బావమరిది తల బయటపెట్టి "నేనప్పుడే చెప్పాను, ఈ రంగు మనకి అచ్చిరాదని" అంటాడు. రోగం తెలిసినవాళ్లు ఇంతమంది ఉండగా వైద్యుడి దగ్గరికి ఎందుకొచ్చారో మాత్రం ఎవరూ చెప్పరు.

నా పని సగం కాలం విజయనగరంలో బస్సుల డిపోలో, మిగతా కాలం ఆమదాలవలస రోడ్డు పక్కన నా సొంత షెడ్డులో గడిచింది. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు దండ వేశారో ఇక్కడ రాయను. దండలు వేసినవాళ్ల బండ్లు కూడా ఆ తరవాత ఆగిపోయాయి. చిన్నతనంలో మా ఊరి పఠనమందిరంలో వారం వారం వాదోపవాదాలు జరిగేవి. దేవుడున్నాడా లేడా అన్నది అక్కడ చివరిదాకా తేలలేదు గాని, "నీకెలా తెలుసు?" అనే ప్రశ్న ఒకటి నాకు అంటుకుంది. గ్రీజు మరకలాంటిది. ఏ సబ్బుకీ పోలేదు.

మెకానిక్కుకి ఆ ప్రశ్న కంటే పెద్ద పనిముట్టు లేదు. మిగతావన్నీ బజార్లో దొరుకుతాయి.

అనుభవం అనే జవాబు

డిపోలో మాకొక పెద్ద ఇంజినీరు ఉండేవాడు. మంచి చదువు, అంతకంటే మంచి గొంతు. ఫలానా బస్సు నీళ్లు తాగుతోందని చెబితే చాలు, కుర్చీలోంచి లేవకుండానే "హెడ్ విప్పండి" అనేవాడు. ఇంజిను పైభాగాన్ని హెడ్ అంటాం. దానికీ కింది దిమ్మకీ మధ్య గాస్కెట్ అని పల్చటి పలక ఒకటుంటుంది. అది పాడైతే రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతాయన్నది నిజమే. కాని కడుపునొప్పి అన్న ప్రతివాడికీ పొట్ట కొయ్యరు కదా.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "హెడ్డే అని ఎలా తెలిసింది సార్?"

"అనుభవం" అన్నాడు.

"ఈ బస్సుకి మొన్ననే హెడ్ విప్పి బిగించాం కదండీ."

"అందుకే చెబుతున్నాను. ఒకసారి విప్పింది మళ్లీ పోతుంది."

"మరి ఇప్పుడు విప్పితే, ఇంకోసారి పోదా?"

"ఏమయ్యా, నువ్వు మెకానిక్కువా, ప్లీడరువా?"

అనుభవం అన్న మాట జవాబు కాదు. ప్రశ్న మానెయ్యమని చెప్పే మర్యాద. ఆయన మాట మీద హెడ్ విప్పాం, మళ్లీ మూశాం. చివరికి చూస్తే నీళ్ల పంపు కింద ఉండే చిన్న రంధ్రంలోంచి సన్నటి ధార పోతోంది. అది మొదటి రోజునుంచీ పోతూనే ఉంది. చూడాలంటే వంగాలి. ఆయన నడుం పదవితోపాటు బిగుసుకుపోయింది.

ఆ తరవాత నాకు నేనే ఒక పాఠం రాసుకున్నాను. నీళ్లకి మహిమలు తెలియవు. అవి మాయం కావు. బయటికి కారాలి, లేదా నూనెలో కలవాలి, లేదా పొగతో పోవాలి. కారితే తడి ఉంటుంది. నూనెలో కలిస్తే నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. మండి పోతే పొగ గొట్టం తెల్లగా ఆవిరి కక్కుతుంది. ఈ మూడు దారులూ చూడకుండా స్పానరు ముట్టుకోవద్దని నా దగ్గర పనిచేసిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

నాలుగో దారి కూడా ఉంది. అన్నిటికన్నా పైన, అందరి కళ్ల ముందూ ఉంటుంది. అందుకే కనిపించదు. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

భావనపాడు చేపల బండి

భావనపాడు నుంచి పోలమ్మ అనే చేపల వ్యాపారి బండి మా షెడ్డుకి వచ్చేది. భర్త పోయాక రేవులో చేప కొని, ఐసు పెట్టెల్లో సర్ది, ఆమదాలవలస స్టేషనుకి తెచ్చి రైలుకెక్కించే వ్యాపారాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. తూకంలో ఆమెని మోసం చేసినవాడు ఆ తీరంలో పుట్టలేదు. కొడుకు గురువులు బండి నడిపేవాడు. మంచివాడు. తల్లి మాటా కాదనలేడు, పెళ్లాం మాటా కాదనలేడు. అలాంటివాడికి స్టీరింగు తప్ప ఇంకేదీ చేతిలో ఉండదు.

గురువులుకి నూకరత్నం అనే పిల్లతో పెళ్లయింది. ఆ పిల్ల గడప తొక్కిన వారంలోనే బండి హైవే మీద వేడెక్కి, హెడ్ పగిలి ఆగిపోయింది. అసలు కారణం రేడియేటర్ హోసు పైపు. పెళ్లికి చాలా ముందే అది ఉబ్బి ఉంటే, మార్చమని నేనే చెప్పాను. "పెల్లి పనులైపోనీ బాబూ" అంది పోలమ్మ. పెళ్లి పనులు అయ్యాయి. హోసు పనీ అయింది.

ఇంజిను మొత్తం విప్పి మా షెడ్డులోనే పెద్ద రిపేరు చేశాం. కొత్త హెడ్, కొత్త గాస్కెట్, కొత్త పంపు, కొత్త హోసులు, రేడియేటర్‌కి కొత్త మూత. బండి వెళ్లింది. కొద్ది రోజులకే గురువులు ఫోను చేశాడు.

"సార్, నీల్లు తగ్గుతన్నాయి."

"కంగారు పడకు. పెద్ద రిపేరు తరవాత లోపల ఎక్కడో గాలి చిక్కుకుని ఉంటుంది. అది బయటికి వచ్చేకొద్దీ మట్టం దిగుతుంది. నింపుతూ ఉండు, నిలబడుతుంది."

ఇది సాకు కాదు, మామూలుగా జరిగేదే. కొత్తవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. చిక్కుకున్న గాలి వల్ల అయితే తగ్గుదల రోజు రోజుకీ తక్కువై ఆగిపోతుంది. ఆగకపోతే దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. ఈ బండికి ఆగలేదు. స్టేషనుకి వెళ్లిన ప్రతిసారీ రేడియేటర్ దాహంతోనే తిరిగొచ్చేది.

ఈసారి బండితో పోలమ్మ కూడా వచ్చింది. మేం బానెట్ ఎత్తకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు ఎంత సూసినా ఏటి లాభం బాబూ? దోషం బండిలో నేదు. మా ఇంట్లో ఉన్నాది."

"ఏం దోషమమ్మా?"

"మా కోడలు పాదం. ఆ గుంట అడుగెట్టిన వారానికే ఇంజిను మాడిపోనాది. ఇంత రిపేరు సేయించినా నీల్లు నిలబడతన్నాయా? సిద్ధాంతిగారు ఫోన్లోనే బండి పొటో సూసి సెప్పీసినారు. బండి కుదురుకున్నదాకా ఆ పిల్లని కన్నోరింటికాడే ఉంచమన్నారు. పంపీసినాను."

"ఫొటోలో పిల్ల పాదం కనపడిందా?"

"ఎటకారం ఒగ్గీ బాబూ. ఇంజిను మల్లీ ఇప్పవలసొచ్చిందంటే అంతే సంగతులు. సంద్రం మీద యాట నేని రోజున పెద్దలు కూకుంటారు. తెంపులు సెప్పించీస్తాను."

గురువులు టైరు వైపు చూస్తున్నాడు. టైరు కూడా గురువులు వైపే చూస్తున్నట్టుంది, ఇద్దరిలో ఎవరికి నోరుందో తేల్చుకోవడానికి.

"హోసు ఉబ్బింది పెళ్లికి ముందు కదమ్మా. మరి అప్పుడు ఎవరి పాదం? ఆ ఇంట్లో తిరిగిన పాదాలు మీవే" అన్నాను.

"మా పాదాలకి బండి అలవాటే" అంది. ఈ వాదనకి జవాబు చెప్పే తర్కశాస్త్రం ఇంకా పుట్టలేదు.

సంగతి అంతవరకూ వచ్చింది. నేను హెడ్ విప్పమంటే చాలు, అక్కడ ఒక కాపురం విడిపోతుంది. రేడియేటర్లో నీటి మట్టం మీద ఒక ఆడపిల్ల బతుకు ఆధారపడి ఉంది. దీన్ని నవ్వులాటగా రాస్తున్నాను గాని, అప్పుడు ఆ షెడ్డులో నాకు నవ్వు రాలేదు.

మా షెడ్డులో సిద్ధాంతులు

సిద్ధాంతులు ఊళ్లోనే ఉంటారనుకోకండి. మా ఫిట్టరు తవిటయ్య చాలా పనిమంతుడు. అయినా అతను కూడా బండి చుట్టూ ఒకసారి తిరిగి "ఇప్పీద్దాం సార్, హెడ్డే" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఇంకేటుంటాది సార్?"

ఇంకేమీ తోచడం లేదు కాబట్టి ఇదే అన్నది తవిటయ్య వాదం. పోలమ్మ సిద్ధాంతిదీ అదే వాదం. ఒకరు గాస్కెట్ అన్నారు, ఒకరు పాదం అన్నారు. తేడా బొట్టులో ఉంది, బుద్ధిలో లేదు. ఊరివాళ్ల మూఢనమ్మకాలని వెక్కిరించే ముందు మన వృత్తిలో ఉన్నవాటిని కడిగి ఆరబెట్టుకోవాలి. నీళ్లు తగ్గితే హెడ్, పొగ వస్తే రింగులు, ఏదీ కాకపోతే వైరింగు. ఇవి మన నక్షత్రాలు.

పరీక్షలు మొదలుపెట్టాం. ఇంజిను చుట్టూ తడి లేదు. నూనె శుభ్రంగా ఉంది. పొగలో ఆవిరి లేదు. రేడియేటర్లో బుడగలు లేవు. చివరిగా ఒత్తిడి పరీక్ష. రేడియేటర్ మూత తీసి, ఆ స్థానంలో చేతిపంపు బిగించి, లోపలికి గాలి కొడతాం. పంపు మీద ముల్లు ఉంటుంది. ఎక్కడ చిన్న చిల్లున్నా ముల్లు కిందికి జారుతుంది. మా ముల్లు జారలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా కదలకుండా కూర్చుంది.

ఇంజిను ఆన్ చేసి పొద్దంతా షెడ్డులోనే తిప్పాం. చుక్క తగ్గలేదు.

ఆ పరీక్షలు జరుగుతున్నంతసేపూ రేడియేటర్ మూత తీసేదీ గురువులే, పెట్టేదీ గురువులే. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తీయగానే తువ్వాలులో చుట్టి, క్యాబిన్లో దేవుడి పటం ముందు పెట్టేవాడు. వేడి మూత జాగ్రత్తగా తీసే డ్రైవరు అరుదు. బాధ్యత తెలిసినవాడని మేం మెచ్చుకున్నాం కూడా.

"ఏటీ దొరకనేదు కదా?" అంది పోలమ్మ. గొంతులో విచారం ఉంది, కొద్దిగా విజయం కూడా ఉంది.

"దొరకలేదు."

"మరి ఇప్పండి."

"దొరకలేదు కాబట్టే విప్పను" అన్నాను.

ఇక్కడ ఒక మాట. ఆ పిల్ల మీద జాలితో విప్పనన్నానని అనుకోవద్దు. జాలితో ఆగినవాడు రేపు కోపం వస్తే విప్పుతాడు. హెడ్ మీద సాక్ష్యం లేదు, అందుకని ఆగాను. సాక్ష్యం లేనప్పుడు ఆగడం నేర్చుకుంటే మెకానిక్కులం అవుతాం. ఇంకొంచెం గట్టిగా నేర్చుకుంటే మనుషులం కూడా అవుతాం.

బండెక్కి చూడాలి

షెడ్డులో దొరకని రోగాన్ని అది ఎక్కడ వస్తుందో అక్కడికి వెళ్లి పట్టుకోవాలి. నిలబడిన ఇంజిను వేరు, ఐసూ చేపలూ నింపుకుని హైవే మీద పరిగెత్తే ఇంజిను వేరు. భావనపాడు వెళ్లి, నిండు సరుకుతో బయల్దేరిన బండిలో గురువులు పక్కన కూర్చున్నాను. పోలమ్మ రేవులో ఉండిపోయింది.

టెక్కలి దాటాం. వేడి చూపించే ముల్లు మధ్యలోనే ఉంది. కోటబొమ్మాళి దాటాక గురువులు బండి నెమ్మది చేసి, రోడ్డు పక్కన ఒక టీ దుకాణం ముందు ఆపాడు.

"ఎందుకు?"

"ఇంజిను సల్లారాలి కద సార్. నీల్లు పోసుకుంటాను."

"ప్రతిసారీ ఇక్కడే చల్లారుతుందా?"

గురువులు సిగ్గుపడ్డాడు. దుకాణంలోంచి ఒక పిల్ల కొంగు బొడ్లో దోపుకుంటూ నీళ్ల బిందెతో వచ్చింది. నూకరత్నం. ఆ దుకాణం ఆమె తల్లిది. బండి రోగాన్ని అడ్డం పెట్టుకుని భార్యని చూసుకుంటున్న మొగుణ్ణి నేను ఆ ఒక్కణ్ణే చూశాను.

"ఏటయ్యా, ఇయ్యాల బండికెన్ని బిందిలు, నీకెన్ని టీలు?" అని, నన్ను చూసి నాలిక కరుచుకుంది. నేనెవరో గురువులు చెప్పాడు.

"ఓలమ్మ, మేస్త్రిగారా! బండి బాగైపోతే ఈడు ఇక్కడ ఆగడు బాబూ. కాస్త నెమ్మదిగా బాగుసెయ్యండి" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నవ్వుతాను గాని, పెద్దలు కూకున్నరోజున నా పేరే ఎత్తుతారు కదా. సదువుకున్నోరు మీరు సెప్పండి. నా కాలికీ ఇంజినుకీ ఏటి సమ్మందం?"

"అది చూడ్డానికే వచ్చాను" అని బండి కింద దూరాను.

ఆ పాత మోడలు బండికి మిగులు నీళ్లు పట్టే సీసా లేదు. రేడియేటర్ మెడ దగ్గర్నుంచి సన్న పైపు ఒకటి నేరుగా కిందికి వేలాడుతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే మిగులు నీళ్లు అందులోంచి రోడ్డు మీద పడతాయి. షెడ్డులో ఎప్పుడు చూసినా అది పొడిగా ఉండేది. ఇప్పుడు ముట్టుకుంటే చురుక్కుమంది. చివరన చుక్క వేలాడుతోంది.

నాలుగో దారి దొరికింది. ఇంజిను మరీ వేడెక్కలేదు, ముల్లు మధ్యలోనే ఉంది. అయినా నీళ్లు పై దారిన పోతున్నాయంటే, ఆపవలసినది ఆపడం లేదన్నమాట. ఆపవలసినది మూత. వంటింట్లో కుక్కరు ఉంది కదా. దాని వెయిట్ సరిగ్గా కూర్చోకపోతే ఆవిరి నిలబడదు, అడుగున నీళ్లు ఇంకిపోతాయి. రేడియేటర్ మూత కూడా అంతే. దాని కింద స్ప్రింగు, స్ప్రింగు కింద రబ్బరు వాషరు ఉంటాయి. అవి గట్టిగా నొక్కి కూర్చుంటేనే లోపల ఒత్తిడి నిలుస్తుంది.

అప్పుడు వెలిగింది. ఒత్తిడి పరీక్ష మూత తీసేసి చేసిందే! మూత పెట్టి షెడ్డులో తిప్పినప్పుడేమో సరుకు బరువు లేదు, నీళ్లని బయటికి తోసేంత ఒత్తిడీ లేదు. ఒత్తిడి పంపు బిగించేది మూత తీసిన చోటే. దొంగని పక్కకి పంపి ఇల్లంతా వెతికి, దొంగతనం జరగడం లేదని తేల్చాం.

ఇంజిను చల్లారేదాకా ఆగాం. వేడి మీద మూత తీస్తే మొహం మిగలదు, అందుకే టీ తాగుతూ కూర్చున్నాం. తరవాత గురువులు మూత తీసి, తువ్వాలులో చుట్టి, మామూలుగా క్యాబిన్ వైపు నడిచాడు.

"ఇలా ఇవ్వు" అన్నాను.

"మీరు ముట్టుకోకూడదు సార్."

"ఎందుకు?"

"ఏరే సెయ్యి తగలకూడదని మాయమ్మ సెప్పింది."

"ఇచ్చీవయ్యా" అంది నూకరత్నం. "నన్నూ ముట్టుకోనివ్వనేదు ఆ మూతని. ముట్టుకోకండానే నింద నా నెత్తిన పడ్డాది. ఆయన ముట్టుకుంటే ఇంకేటి అవుతాది?"

గురువులు తువ్వాలు విప్పాడు.

మూత కింద స్ప్రింగు చుట్టూ పసుపు తాడు కట్టి ఉంది. లావుపాటి పేట తాడు. దానికి ముడి, ముడికి ఒక పసుపు కొమ్ము ముక్క. తాడు కొస ఒకటి రబ్బరు వాషరు మీదికి జారి, దానికీ రేడియేటర్ అంచుకీ మధ్య ఇరుక్కుపోయింది. వాషరు మీద ఆ తాడు గాటు స్పష్టంగా కనిపిస్తోంది. దీపం వత్తి నూనెని పైకి లాగినట్టు ఆ తాడు పక్కనుంచి వేడి నీళ్లు ఊరి, పైపులోకి, పైపులోంచి హైవే మీదికి పోతున్నాయి.

రిపేరు అయ్యాక పోలమ్మ బండిని శ్రీముఖలింగం తీసుకెళ్లి పూజ చేయించిందట. వెనకటిసారి బంపరుకి కట్టిన తాడు వాటర్ సర్వీసులో కొట్టుకుపోయిందట. అందుకే ఇంజిను మాడిందని ఆమె లెక్క. ఈసారి ఎవరి కన్నూ, ఏ నీళ్లూ తగలని చోట, ఇంజిను లోపలే కట్టాలనుకుని, పూజారి ఇచ్చిన తాడుని తన చేత్తోనే మూత కింద కట్టింది. కొడుకు తప్ప ఎవరూ ముట్టుకోకూడదని ఒట్టు వేయించింది.

అంటే మేం బండినంతా విచారించినంతసేపూ నేరస్థుణ్ణి దేవుడి పటం ముందు కూర్చోబెట్టి దండం పెట్టాం. లోకంలో చాలా విచారణలు ఇలాగే జరుగుతాయి.

తీసి, పెట్టి, మళ్లీ తీసి

తాడు తీశాను, వాషరు తుడిచాను, మూత బిగించాం. ఆ రోజు స్టేషనుకి వెళ్లి వచ్చినా నీళ్లు తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు, ఆ పై రోజూ తగ్గలేదు. కథ ఇక్కడితో అయిపోతుందని మీరు అనుకుంటే, మనుషుల గురించి మీకింకా తెలియనట్టే.

పోలమ్మ షెడ్డుకి వచ్చి నిప్పులు కక్కింది. "తాడు తీసీసినావా! నా కొడుకు పేనానికి ఏటైనా అయితే నువ్వు తెస్తావా బాబూ?"

"నీళ్లు నిలబడ్డాయి కదమ్మా."

"నిలబడతాయి మరి. పిల్ల కన్నోరింట్లో ఉన్నాది కదా. సిద్ధాంతిగారు సెప్పినట్టే ఇన్నాల్లకి దోషం ఇరగడయింది."

చూశారా? మరమ్మతు చేసింది మేము, బిల్లు సిద్ధాంతిది. ఇలాంటి చోట మన యువకులు కోపం తెచ్చుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. ఉపన్యాసానికి నమ్మకం లొంగదు. పరీక్షకి కూడా ఎప్పుడూ లొంగుతుందని చెప్పలేను, కాని కనీసం తడబడుతుంది. ఒక్కసారి బాగైతే అది కాకతాళీయం కావచ్చు. తీసి, పెట్టి, మళ్లీ తీసి చూపిస్తేనే రుజువు.

"అమ్మా, పిల్ల ఇంకా కన్నోరింట్లోనే ఉంది కదా? ఇవాళ నీ తాడు నీ చేత్తోనే మూతకి కట్టు. నువ్వే బండెక్కు. నీళ్లు పోతే తాడు దోషం, నిలిస్తే పాదం దోషం. ఒప్పుకుంటావా?"

పోలమ్మ వ్యాపారి. బేరానికి పిలిస్తే వెనక్కి తగ్గదు. "ఒప్పుకున్నాను" అంది.

ఆ రోజు భావనపాడులో చేపల పెట్టెలు సర్దాక ఆమె తన చేత్తోనే తాడు కట్టింది, వెనకటిలాగే. నేను ముట్టుకోలేదు. ముగ్గురం బయల్దేరాం. టీ దుకాణం రాగానే బండి ఆపించి, ఆమెని కిందికి వంగి చూడమన్నాను. పెద్ద ఇంజినీరులా కాకుండా ఆమె వంగింది. పైపులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. వేలు పెట్టింది, చుర్రుమంటే తీసింది. ఆ నీళ్లు పచ్చగా ఉన్నాయి. పసుపు రంగు.

పోలమ్మ లేచి వేలు కొంగుకి తుడుచుకుంది. దుకాణం ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లంతా చూస్తున్నారు. నూకరత్నం బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అత్తా కోడళ్లు ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

చల్లారాక గురువులు మూత తీశాడు. తాడు నేను విప్పి పోలమ్మ చేతిలో పెట్టాను. మూత బిగించాం. నీళ్లు నింపాం.

"సరే" అంది పోలమ్మ చివరికి. కోడలి వైపు చూడకుండానే అంది. "దోషం పోనాది నే. బండెక్కు. ఇంటికి పోదాం."

నూకరత్నం కదల్లేదు. "ఏటి పోనాది అత్తా?"

"దోషం."

"ఉంటే కదా పోడానికి? పోనాదని కాదు, నేదని సెప్పు."

"ఏటే మాటల్తో సంపుతావు? రెండూ ఒకటి కాదా?"

"కాదు. పోనాదంటే మల్లీ వస్తాది. రేపు టైరు పేల్తే నా కాలే. ఎల్లుండి వల సిరిగితే నా కాలే. భావనపాడు నుండి ఇక్కడిదాకా నా పాదం మంచిది కాదని ఊరూరా సెప్పినావు. ఈ రోడ్డు మీదోలందరూ ఇన్నారు. అదే రోడ్డు మీద, ఈల ముందర, ఎవల దోషమో సెప్పు. అప్పుడు ఎక్కుతాను."

"రైలెల్లిపోతాదే!"

"ఎల్లనీ."

"ఐసు కరిగిపోతన్నాది!"

"కరగనీ."

బండి కింద నీళ్లు కారడం ఆగింది గాని, పైన పెట్టెల్లోంచి ఐసు నీళ్లు కారడం మొదలైంది. గురువులు స్టీరింగు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నేను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. దోషం పోయింది అనడానికీ, లేదు అనడానికీ ఉన్న తేడా పఠనమందిరంలో మాకెవరూ ఇంత తిన్నగా చెప్పలేదు. మొదటిది క్షమాభిక్ష పెట్టడం, రెండోది నిర్దోషి అని ఒప్పుకోవడం. క్షమించేవాడు కుర్చీలోనే ఉంటాడు. ఒప్పుకునేవాడు లేచి నిలబడాలి.

పోలమ్మ బల్లల మీద జనాన్ని చూసింది. కారుతున్న పెట్టెల్ని చూసింది. చేతిలో పచ్చ తాడుని చూసింది.

"అందరూ ఇనండర్రా" అంది, రేవులో వేలంపాట పాడే గొంతుతో. "నీల్లు పోనాయి నా తాడు వల్ల. ఆ పిల్ల కాలు వల్ల కాదు." తరవాత గొంతు తగ్గించి, "సాలా? ఎక్కు ఇంక" అంది.

"సాలు" అంది నూకరత్నం. బిందె తల్లికిచ్చి, క్యాబిన్ మెట్టు మీద కుడికాలు గట్టిగా మోపి, ఎక్కి కూర్చుంది. పోలమ్మ ఆ కాలు వైపు చూసి తల తిప్పుకుంది. పెద్దలు కూర్చునే రోజుకి ఇక చెప్పవలసిన తగువు లేదు.

క్యాబిన్లో ముగ్గురికే చోటు. నేను కిందే ఉండిపోయాను. బండి కదులుతుండగా పోలమ్మ ఆ తాడుని అద్దానికి కట్టడం కనిపించింది. అద్దానికి కడితే నీళ్లు తాగదు. ఆ వాదం మరో రోజుకి ఉంచాను.

దుకాణంలో టీ తాగుతున్న పెద్దాయన నా వైపు తిరిగి "ఏటి మేస్త్రిగారూ, బండి బాగైపోనాదా?" అన్నాడు.

"బండికి ఏమీ కాలేదండీ" అన్నాను. "ఆ పిల్లకీ ఏమీ కాలేదు."